మొదటి వైపే వెయ్యమంది

అరకు, జూన్ 1996

సురేంద్రన్నయ్యా,

బదిలీ మీద వెళ్తూ కాఫీ ఆఫీసరుగారు ఇచ్చిన గ్రామఫోను మీద ఆయన జాజ్ రికార్డు నిన్న పెట్టాను. మొదటి వైపు పాత బాణీ. బూరలూ డ్రమ్ములూ అచ్చం మన చావు డప్పులా మోగాయి. ఇంకేముంది, చితికని ఇంటికో కట్టె పట్టుకుని ఊళ్లోవాళ్లంతా వాకిట్లోకి వచ్చేశారు. "ఎవులు పోనారే?" అని ఒకటే అడగడం.

కంగారులో రికార్డు తిప్పేశాను. రెండో వైపు కొత్త బాణీ. వాయిద్యాలన్నీ తలో దిక్కూ పరిగెత్తాయి.

నాన్న సీలేరు ఏట్లో కొట్టుకుపోయి తొమ్మిదేళ్లయినా, శవం దొరకలేదని డప్పు కొట్టనివ్వని అమ్మ ఉన్నట్టుండి లేచింది.

"ఇది మీ అయ్యని ఎతుకుతున్నట్టుంది. ఎతికింది సాలు. ముందుదే ఎయ్యి," అంది.

కట్టెలు ఎవరూ వెనక్కి పట్టుకెళ్లలేదు. నీ దగ్గరున్న నాన్న చొక్కా తీసుకుని బేగి రా.

నీ చెల్లి