ఇరవై ఆరు నిమిషాలు

చెల్లికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ మరిదిగారూ ఆరోగ్యంగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. అది వచ్చి పదకొండు రోజులైంది. ఉత్తరం అందిన మర్నాడే జవాబు రాసే అక్క ఈసారి ఎందుకింత ఆలస్యం చేసిందా అని ఈపాటికి నాలుగైదుసార్లు తిట్టుకునే ఉంటావు. ఫోన్లో చెప్పొచ్చు కదా అనీ అనుకుంటావు. మధ్యలో రెండుసార్లు చేశాను కూడా. ఒకసారి బావ మోకాలి గురించి, ఇంకోసారి మీ వంటింటి కప్పు కారడం గురించి మాట్లాడి పెట్టేశాను. నీ గొంతు వింటే నేను మాట మార్చేస్తాను. అందుకని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు కాస్త నయం. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, దాంతో మీ బావ ఏ పని చెప్పినా అందులో ఒక మెట్టుందంటున్నారు. మొన్న చెత్తబుట్ట బయట పెట్టమంటే గుమ్మాన్ని కూడా మెట్ల లెక్కలో వేశారు. నా కళ్ళద్దాలు మార్చాను. ఇప్పుడు దూరంవి బాగా కనిపిస్తున్నాయి. తరగతిలో ఆఖరి బెంచీ మీద కూర్చుని బోర్డు చూడటమే నా ఉద్యోగం కనుక అది చాలు.

నీ కూతురు పిచిక సరిగ్గా తింటోందా అని అడిగావు. ప్రతి ఆదివారం హాస్టల్ నుంచి మా ఇంటికి వచ్చి, గిన్నెలన్నీ ఖాళీ చేసి, పేకాటలో మీ బావని ఓడించి మరీ వెళ్తోంది. గింజంత తినేదని చిన్నప్పుడు మనం పెట్టిన పేరు ఇక మార్చాల్సిందే.

ఇక అసలు విషయం. దాని ఫారం గురించి రాశావు. పూర్తిగా తెలియక కంగారు పడుతున్నావేమో, వివరంగా చెబుతాను. టీచర్లను తయారుచేసే మా కాలేజీలో రెండేళ్ళు అందరూ కలిసే చదువుతారు. రెండో ఏడు చివర మూడు గళ్ళున్న ఫారం ఇస్తారు. చిన్న తరగతులకు చెప్పే సర్టిఫికెట్ ఒకటి, పెద్ద తరగతులకు ఒకే సబ్జెక్టు చెప్పే సర్టిఫికెట్ ఒకటి, పాఠాలతో పనిలేని మామూలు డిగ్రీ ఒకటి. మొదటి రెండింట్లో ఏది తీసుకున్నా మిగతా రెండేళ్ళూ వారానికి మూడు రోజులు బడిలో గడపాలి. మూడో గడిలో టిక్కు పెట్టినవాళ్ళకి ఆ గంటలు ఉండవు, తర్వాత మనసు మారినా దొరకవు. ఫారం ఈ నెలాఖరులోగా ఇచ్చెయ్యాలి.

దాన్ని మూడో గడిలో టిక్కు పెట్టమని చెప్పమన్నావు. తొలిసారి తరగతి ముందు నిలబడినప్పుడు నోరు పెగల్లేదని అది నీతో చెప్పుకుని ఏడ్చిందట. 'అది నా పోలికే అక్కా, మన ఇంట్లో చెప్పే గొంతు నీకొక్కదానికే వచ్చింది' అని రాశావు. ఆ కింద ఇంకో మాట రాశావు. 'ఆ రోజు నాకు చెప్పినట్టే దానికీ చెప్పు. పాఠం చెప్పడం అందరివల్లా అయ్యేది కాదు, వదిలెయ్ అన్నావు చూడు, ఆ మాటే నన్ను నిలబెట్టింది. నీ నోటితో చెబితే అది వింటుంది.'

చెల్లీ, నేను దానికి ఆ మాట చెప్పను. ఎందుకో చెప్పడానికే ఈ పదకొండు రోజులూ పట్టింది.

పిచిక తొలి పాఠం నాడు వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నది నేనే. అవును, నోరు పెగల్లేదు. గడియారం చూసి రాశాను, మూడు నిమిషాలు. అంతలో ముందు వరసలోని ఒక పిల్ల లేచి, 'టీచర్, మీకు భయంగా ఉందా?' అని అడిగింది. పిచిక అవునంది. అని ఊరుకోలేదు, కింద పిల్లల మధ్య చతికిలబడి, 'మీకు భయమేస్తే ఏం చేస్తారు?' అని అడిగింది. ఆ తర్వాత అరగంట ఆ గదిలో ఒక్కరూ కిటికీలోంచి బయటికి చూడలేదు. ఇన్నేళ్ళలో నేను వందల పాఠాలు చూశాను. అలా కింద కూర్చోగలిగినవాళ్ళు నలుగురైదుగురు ఉంటారేమో. అది నీ పోలికే, నిజమే. కానీ నువ్వనుకుంటున్న పోలిక కాదు.

ఇరవై నాలుగేళ్ళ కిందటి సంగతి. నాకు పచ్చకామెర్లొచ్చి ఒక ఏడాది పోవడంతో నీతోపాటే అదే కాలేజీలో, అదే తరగతిలో కూర్చోవాల్సి వచ్చింది. నువ్వు ఆ విషయం ఎప్పుడూ ఎత్తి చూపలేదు. నేనే మర్చిపోలేకపోయాను. నువ్వు మెట్ల మీద కూర్చుంటే వీధిలో పిల్లలందరూ నీ చుట్టూ చేరేవాళ్ళు. నేను పిలిస్తే ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. లెక్చరర్లు నీ పేరు పలికినప్పుడు వాళ్ళ మొహాలు వెలిగేవి. నాకు కుళ్ళుగా ఉండేది. ఈ వయసులో దాన్ని ఇంకో పేరు పెట్టి పిలవడం నాకు ఇష్టం లేదు.

ఆఖరి పరీక్ష పాఠానికి నువ్వు తయారు చేసుకున్నది నీకు గుర్తుందో లేదో. తడి చెయ్యి బోర్డుకి అద్ది, పిల్లల వైపు తిరిగి, ఆ గుర్తు ఆరిపోయేదాకా ఏమీ మాట్లాడకూడదు. ఆరిపోయాక, 'నా చెయ్యి ఎవరు ఎత్తుకెళ్ళారు?' అని అడగాలి. బోర్డు తాగేసిందని ఒకరు, గోడలోకి పోయిందని ఒకరు అంటారు. నువ్వు ఏదీ కాదనకూడదు. వాళ్ళంతట వాళ్ళే గాలి దాకా, ఎండ దాకా రావాలి. వారం రోజులు ఆ పాఠం నా చెవిలో పోశావు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో కూడా నాకు కంఠతా వచ్చేసింది.

నా పాఠం నీకంటే ఒక రోజు ముందు. నాది మొక్కల భాగాలు. చార్టు చుట్ట చంకలో పెట్టుకుని వెళ్ళాను. నా కంటే ముందు చెప్పినమ్మాయిది కూడా మొక్కలే, చూడటానికొచ్చిన మేడమ్ ఆవలిస్తున్నారు. నేను చార్టు విప్పలేదు. మూల ఉన్న బక్కెట్లో చెయ్యి ముంచి బోర్డుకి అద్దాను.

నీ పాఠం నేను చెప్పేశాను చెల్లీ. నువ్వు ఆగమన్న చోట ఆగాను, నవ్వమన్న చోట నవ్వాను. తరగతిని చూసి అప్పటికప్పుడు పాఠం మార్చుకునే ధైర్యం ఉందని ఆ మేడమ్ నా మార్కుల పుస్తకంలో రాశారు. సాయంత్రం నువ్వు ఎలా జరిగిందని అడిగితే మొక్కల భాగాలు చెప్పానన్నాను.

నీకు నాలుగో తరగతి పడిందనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. జాబితా గోడ మీదే ఉంది. ఇద్దరిదీ అదే మూడో తరగతి. అది తెలిసే, గది వదిలే ముందు ఆ పిల్లలకి చెప్పాను. రేపు ఇంకో టీచర్ వస్తారు, ఈ పాఠం మనం చేసేశామని ఆవిడకి చెప్పొద్దు, సరేనా అన్నాను. అందరూ సరే అన్నారు. చెప్పకపోతే చాలు, నీ పాఠం నీకు దక్కుతుందని నేననుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లలకి జవాబు తెలిస్తే ఊరుకుంటారా, టీచర్ని కావాలనుకున్న నాకు ఆ మాత్రం తెలియలేదు.

ఆ ముప్ఫై రెండు మందీ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. చేసేశామని ఒక్కరూ అనలేదు. నువ్వు బోర్డుకి చెయ్యి అద్దగానే, ప్రశ్న అడక్కముందే, 'ఆవిరైపోతుంది టీచర్, ఎండకీ గాలికీ' అని అరిచారు. నువ్వేం అడగబోతే దానికి ముందే జవాబొచ్చింది. ముప్ఫై అయిదు నిమిషాల పాఠం తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. మిగతా ఇరవై ఆరు నిమిషాలు నువ్వు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డావు. ఇది నువ్వు చెబితేనే నాకు తెలిసింది. మొదట ఏడుస్తూ చెప్పావు, పెళ్ళయ్యాక నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టావు. బస్సు ఆలస్యమైనా, పాలు పొంగడానికి సేపు పట్టినా, 'నా ఇరవై ఆరు నిమిషాల ముందు ఇదెంత' అంటావు. మరిదిగారు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్విన ప్రతిసారీ నాకు తల తీసేసినట్టుండేది.

ఆ రోజు చూడటానికొచ్చిన వేరే మేడమ్ నీ పుస్తకంలో ఏం రాశారో నీకు నాకంటే బాగా తెలుసు. పిల్లల స్థాయి అంచనా వెయ్యడం రాదు, తెలిసిన పాఠమే తెచ్చింది, మధ్యలో మాట ఆగిపోయింది. ఇందులో ఒక్క మాట కూడా నీది కాదు.

ఇంతవరకూ అయితే ఏదో ఒక రోజు నీ కాళ్ళ మీద పడి చెప్పేదాన్నేమో. దీని తర్వాత చేసింది ఇంతకంటే పెద్దది. మరుసటి నెల పరీక్ష పాఠం మళ్ళీ చెప్పడానికి కాలేజీవాళ్ళు నీకు అవకాశం ఇచ్చారు. అదే బడి, అదే తరగతి. నువ్వు వెళ్ళాలా వద్దా అని నన్ను అడిగావు. నువ్వు మళ్ళీ అక్కడికి వెళితే ఏ పిల్లో నోరు జారి, ఆ ముందు రోజు టీచర్ కూడా ఇదే చెప్పింది అంటుందని భయపడ్డాను. నా సర్టిఫికెట్ అప్పటికింకా చేతికి రాలేదు. అప్పుడే అన్నాను ఆ మాట, అందరివల్లా అయ్యేది కాదు, వదిలెయ్ అని. నీ మీద ప్రేమతో అన్నానని నువ్వు ఇరవై నాలుగేళ్ళు నమ్మావు.

ఒకసారి మీ ఊరొచ్చినప్పుడు నువ్వు పనిచేసే మందుల షాపులో ఒక మూల కూర్చున్నాను, గుర్తుందా. చదువు రాని ముసలాయనకి మందు పొట్లాం మీద సూర్యుడినీ చంద్రుడినీ గీసి ఇచ్చావు. ఎప్పుడేది వేసుకోవాలో ఆయన చేతే మూడుసార్లు చెప్పించి గానీ వదల్లేదు. వెనక జనం విసుక్కుంటున్నా నువ్వు తొందరపడలేదు. తలనొప్పిగా ఉందని నేను బయటికొచ్చేశాను. తలనొప్పి కాదది.

నా పాపం అక్కడితో ఆగలేదు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను చెప్పే పాఠం అదే. పిచిక చేరిన ఏడు మాత్రం నీ దాకా వస్తుందన్న భయంతో మానేశాను. మా కాలేజీలో దానికి 'చెయ్యి పాఠం' అని పేరు. కాలేజీ పాఠ్యపుస్తకంలో కూడా వేశారు, కింద నా పేరుతో. పోయిన ఆదివారం పిచిక ఆ పుస్తకం పట్టుకొచ్చింది. ఇది నీకెలా తట్టింది పెద్దమ్మా, అమ్మకి రాస్తాను, చదివితే ఎంత సంతోషిస్తుందో అంది. కనుక నువ్వు దాని నోట వినకముందే చెప్పాలన్న భయం కూడా ఈ ఉత్తరంలో ఉంది. నన్ను మరీ మంచిదాన్ని అనుకోకు.

దానికి అంతా చెప్పేశాను. మీ బావ కూడా అక్కడే ఉన్నారు, ఆయనకీ తెలియడం అదే మొదలు. పేకముక్కలు బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయారు. పిచిక ఏడవలేదు, అరవలేదు.

ఆయన వదిలేసిన ముక్కలు ఏరి కట్టలో పెట్టి, 'అమ్మకి చెప్పావా?' అని అడిగింది.

లేదన్నాను.

'అమ్మ నన్ను ఏ రోజూ హోంవర్కు దగ్గర కూర్చోబెట్టుకోలేదు పెద్దమ్మా. లెక్క అడిగితే నాన్నని అడగమనేది. నాకు రాదమ్మా, నా దగ్గర నేర్చుకుంటే నువ్వూ పాడైపోతావు అనేది. ముందు అమ్మకి రాయి. ఆవిడ ఏ గడిలో పెట్టమంటే అందులో పెడతాను.'

ఫారం దాని సంచిలోనే ఉంది. ఈ ఆదివారం అది మా ఇంటికి రాలేదు.

నీ కూతురికి నువ్వు ఒక్క లెక్క కూడా చెప్పలేదన్న సంగతి నాకిప్పుడే తెలిసింది చెల్లీ. నేను తీసుకున్నది ఒక పాఠం, ఒక ఉద్యోగం అనుకున్నాను. వాటికే ఇన్నేళ్ళు కుమిలాను. కూతురి పక్కన పలక పట్టుకుని కూర్చునే నీ సాయంత్రాలు కూడా తీసుకున్నానని తెలియదు. వాటిని ఏం చేసి తిరిగివ్వను?

పుస్తకంలో ఆ పాఠం కింద నీ పేరు వెయ్యమని ప్రిన్సిపాల్‌కి రాసిచ్చాను, ఎందుకో కూడా రాశాను. దాని వల్ల నాకేమవుతుందో తెలియదు, అది నీకు దిగులు కాకూడదు. క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు క్షమించేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. ఆ పని కూడా నీ చేత చేయించుకోవడం నాకు ఇష్టం లేదు.

నాకు జవాబు రాయొద్దు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది. దానికి రాయి. వీలైతే ఇవాళే బస్సెక్కి వచ్చి, దాని పక్కన కూర్చుని, ఆ ఫారం ఎలా నింపాలో నువ్వే నేర్పించు.

ఇట్లు,
అక్కా అని పిలవాలో వద్దో ఇక నీ ఇష్టానికే వదిలేసిన
నీ తోబుట్టువు