కృతజ్ఞత కూటంలో నా ప్రార్థన

ఏమండీ,

మీరు పోయిన ఏడాదికి, ఘంటసాలలో మీ అన్నయ్య కృతజ్ఞత కూటం పెట్టారు. గుండె రక్తనాళం సన్నబడిందని ముందే తెలిసి, ఆయనకి స్టెంటు వేశారు. "కొవ్వు ఒక్కటే కాదమ్మా, రక్తనాళం గోడలో వాపుంటే కొవ్వు అక్కడ పేరుకుంటుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకి ఆ వాపు ఎక్కువ," అన్నారట డాక్టరు. మీకూ కీళ్లవాతమే, వేళ్లు వాచేవి. నూనె కొలిచి వండాను, కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుందని ఇద్దరం సంబరపడ్డాం. మీ గుండె ఆగిపోయేదాకా ఈ వాపు మాట మనకి ఎవరూ చెప్పలేదు.

బావగారు రెండో గారె అందుకోబోతుంటే తోటికోడలు అక్క కసిరింది.

"పెట్టండి కింద! పాస్టరుగారు ఉన్నారని కూడా చూడను!"

అందరూ నవ్వారు. నేను తప్ప. కసరడానికి ఆమెకి మనిషి మిగిలాడు.

"నువ్వు ప్రార్థన చెయ్యి, చెల్లీ," అంది అక్క.

లేచాను. "ప్రభువా, బావగారిని మాకు ఉంచినందుకు..." అన్నాను. స్తోత్రం అనే మాట నోట్లోంచి రాలేదు. అందరూ కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ప్రార్థన అయిపోయిందనుకుని బావగారు "ఆమెన్" అన్నారు.

అచ్చం మీ గొంతే. అది అక్కకి రోజూ వినబడుతుంది.