పదకొండో కార్డు

20 ఏప్రిల్ 1968, శనివారం

కంప్యూటర్ తప్పు చెయ్యదని నిన్న శారద అన్నది. అది తప్పు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అంతే. మా అనంతపురం బళ్ళో అట్లాంటి ప్యూనే ఒకడుండేవాడు. గంట కొట్టమంటే, ఆపమని చెప్పేదాకా కొట్టేవాడు. వాణ్ణి ఎవరూ మేధావి అనలేదు.

శారద నా మనవరాలు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివి యూనివర్సిటీ క్యాంపస్‌లో లెక్కల మెషిన్ సెక్షన్‌లో చేరింది. పి.యు.సి. మార్కులు ఈ ఏడాది నుంచి మెషిన్‌తో వేస్తారట. తొమ్మిది వేల మంది పిల్లలు, ఒక్కొక్కరికి చిల్లులు పొడిచిన ఒక్కో కార్డు. ప్రోగ్రామ్ రాసింది శారదే. చీర పొడవు కాగితం మీద అచ్చు వేయించి ఇంటికి తెచ్చి నా మంచం మీద పరిచింది. ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పినావు కదవ్వా, తప్పులు పట్టు అన్నది. ఆఫీసులో చదివేవాళ్ళు లేరా అంటే, సుందరరావు గారికి తీరిక లేదంది. ఆయన శారదకు పై అధికారి.

కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. రిటైరయిన తర్వాత నన్నెవరైనా తప్పులు పట్టమనడం ఇదే మొదలు. అడక్కుండా పట్టడం వేరు.

21 ఏప్రిల్, ఆదివారం

ప్రోగ్రామ్ రాసింది ఫోర్‌ట్రాన్ అనే భాషలో. సంధులు లేవు, సమాసాలు లేవు, మర్యాద అసలే లేదు. అక్కడికి పో, ఇది చెయ్యి, ఆగు. అత్తగారి భాష. తొందరగానే వచ్చేసింది.

23 ఏప్రిల్, మంగళవారం

ఎర్ర సిరాతో మూడు రాశాను.

ఒకటి, ట్రేలో ఎన్ని కార్డులున్నాయో ప్రోగ్రామ్ అడగదు. ఎవడైనా దొంగకార్డు దూర్చినా, ఉన్నది పీకేసినా దానికి తెలియదు. చివర ఒక కార్డు పెట్టి, దాని మీద మొత్తం కార్డుల సంఖ్యా, హాల్‌టికెట్ నంబర్లన్నీ కలిపిన మొత్తమూ పొడవాలి. పొసగకపోతే మెషిన్ ఆగాలి. ఆ తర్వాత ఏ కార్డు మార్చాలన్నా, ఇద్దరు దాన్ని కళ్ళతో చూసి సంతకం చెయ్యాలి.

రెండు, నూటికి నూట ముప్పై వచ్చినా పాస్ అంటుంది.

మూడు, మార్కు పడాల్సిన గడి ఖాళీగా ఉంటే దాన్ని సున్నా అనుకుంటుంది. ఈ భాష తీరే అంతట.

మొదటి రెండూ శారద ఇవాళే సరిచేసింది. మూడోది చెయ్యాలంటే ప్రతి కార్డు మీదా ఇంకో చిల్లు పొడిపించాలి, పంచింగ్ చేసే ఆడపిల్లలు ఇప్పటికే చేతులు నొప్పులంటున్నారు, చెయ్యమంటావా అవ్వా అని అడిగింది. అక్కర్లేదన్నాను. నేనెరిగిన ఏ ఎగ్జామినరూ గడి ఖాళీగా వదలడు. పిల్ల రాకపోతే ఆబ్సెంట్ అని రాస్తాడు, ఏమీ రాయకపోతే సున్నా వేస్తాడు. మూడోదాని మీద నేనే గీత కొట్టాను.

26 ఏప్రిల్, శుక్రవారం

సుందరరావు గారు థ్యాంక్స్ చెప్పడానికి తార్నాక దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. తణుకు మనిషి. ఉగ్గాని పెడితే, మరమరాల ఉప్మానా అండీ అంటూ రెండు ప్లేట్లు లాగించారు. రెండు సంతకాల మాట భలే నచ్చిందట. మామ్మగారూ, మీ వాక్యం ఉన్నదున్నట్టు టైపు చేయించానండీ, అక్షరం మార్చలేదు అన్నారు. సంతకాలు ఆయనదీ శారదదీ.

చెప్పడానికేం, పొంగిపోయాను.

2 మే, గురువారం

ఎండ. దిద్దడానికి ఏమీ లేదు. పాలవాడి లెక్క కూడా సరిగ్గానే ఉంది.

10 జూన్, సోమవారం

రిజల్ట్సు వచ్చాయి. చేత్తో వేస్తే నెలన్నర పట్టే పని, నాలుగు గంటల్లో అయిందట. పేపరులో రాశారు. శారద పేరు లేదు, మెషిన్ పేరు ఉంది.

13 జూన్, గురువారం

బిక్షపతి వచ్చాడు. మెషిన్ గదిలో అటెండరు, కార్డుల ట్రేలు మోసేది అతనే. ఇల్లు గోల్నాకలో. చేతిలో శుభలేఖ. అమ్మా, బుధారం నాడు పిల్ల లగ్గం, ఆషాఢం వస్తె మళ్ళ ఆగాలె, అందుకే జల్ది పెట్టుకున్నం అన్నాడు. అల్లుడు అతని అక్క కొడుకే, సోలాపూర్‌లో మిల్లు పని.

పిల్ల సమ్మక్క. పదిహేడేళ్ళు. చదువుతున్నది కదయ్యా అన్నాను. పి.యు.సి. తప్పిందమ్మా, పాసయితె డిగ్రీ చదివిపిస్తనని మాటిచ్చిన, తప్పితె లగ్గమని గూడ చెప్పిన, లెక్కలల్ల సున్న వచ్చింది అన్నాడు. ఎవరినీ అడగలేదా అంటే, మిషిన్ల తప్పు రాదు గదమ్మా, ఆ డబ్బ నేనే మోసిన అన్నాడు.

సున్నా రావాలంటే కూడా కొంచెం కష్టపడాలి, ఏదో ఒకటి గీకినా అయిదు వేస్తారే అన్నాను. అతను నవ్వాడు. పెద్దవాళ్ళం ఏమన్నా నవ్వే మనిషి.

జాకెట్టు ముక్క, పసుపూ కుంకుమా ఇచ్చి పంపాను.

17 జూన్, సోమవారం

శారద వచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుంది. ఒక లెక్చరరు గారు కొడుకును కారులో తీసుకొచ్చారట. ఫిజిక్సులో ఎనభై తొమ్మిది, లెక్కల్లో సున్నా. మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు. అందరూ కాలేజీకి ఫస్టు వచ్చే పిల్లలే. ముగ్గురి తండ్రులు గట్టిగా అరిచారు, ఒకాయన మెల్లగా మాట్లాడాడు. మెల్లగా మాట్లాడినాయన అంటేనే భయమేసిందవ్వా అన్నది.

18 జూన్, మంగళవారం, ఉదయం అయిదున్నర

పాలు పొంగుతుంటే గుర్తొచ్చింది.

తొంభై దాటిన పేపరును మామూలు ఎగ్జామినరు ఖాయం చెయ్యకూడదు. చీఫ్ ఎగ్జామినరుకు పంపాలి. ఆయన చూసి సరేననేదాకా మార్కుల షీటులో ఆ గడి ఖాళీగానే ఉంచుతాం. మార్కు ఆ తర్వాత వేరే కాగితం మీద వస్తుంది. ఇదివరకైతే గుమాస్తా ఆ ఖాళీ చూసి, కాగితం వచ్చేదాకా ఆగేవాడు. మెషిన్ ఆగలేదు. కాగితం ఫైల్లో పడుకుంది.

ఖాళీ ఎవరూ వదలరని శారదతో చెప్పింది నేనే. ఏడుసార్లు వదిలాను. నా సర్వీసు మొత్తంలో తొంభై దాటిన పేపరు నా చేతికి ఏడుసార్లే వచ్చింది. అందుకే మరిచిపోయాను.

మంచి పిల్లలకే సున్నా.

అదే రోజు, సాయంత్రం

ఇవాళ ఇంకో ఆరుగురు. మొత్తం పది. సుందరరావు గారు వచ్చినవాళ్ళను వచ్చినట్టు సరిచేసి పంపుతున్నారు. కార్డు తియ్యడం, చూడడం, రెండు సంతకాలు. గుట్టుగా కానిద్దామండీ, చీఫ్ గారి కాగితాలు ఫైళ్ళలో కలిసిపోయాయి, వచ్చినవాళ్ళవి వెతికి తీసి చేస్తున్నాం కదా అన్నారట.

రానివాళ్ళ సంగతేమిటని అడగమన్నాను. ఖాళీలన్నీ లెక్కబెట్టే ప్రోగ్రామ్ ఒకటి రాయి, పది లైన్లు అన్నాను. అక్కడే నించుని రాసింది. కంప్యూటర్ శారద సెక్షన్‌కు దొరికేది గురువారమే, మిగతా రోజులు వేరేవాళ్ళది. ఎల్లుండి చూడాలి.

19 జూన్, బుధవారం

మోకాళ్ళ నొప్పి వల్ల నేను వెళ్ళలేదు. శారద గోల్నాక వెళ్ళి అక్షింతలు వేసి వచ్చింది. పెళ్ళికూతురు తల ఎత్తలేదట. లడ్డూ తెచ్చింది. బాగుంది, రెండు తిన్నాను.

20 జూన్, గురువారం

ఖాళీలు పదకొండు.

పదకొండో పేరు సమ్మక్క, తండ్రి బిక్షపతి, గోల్నాక. ఆ పిల్ల పేపరు మీద చీఫ్ ఎగ్జామినరు పంపిన కాగితం కూడా దొరికింది. తొంభై నాలుగు.

21 జూన్, శుక్రవారం

బిక్షపతి సున్నా అన్నది గురువారం. సున్నా ఎందుకొచ్చిందో నాకు తెలిసింది మంగళవారం. పెళ్ళి బుధవారం. మధ్యలో నాకు ఒక రాత్రీ ఒక పగలూ ఉన్నాయి. పది మంది తండ్రుల గురించి ఆలోచించాను. ట్రేలు మోసేవాడి ఇంట్లో తొంభై దాటిన పిల్ల ఉంటుందని తోచలేదు. ఆడపిల్లలకు లెక్కలు చెప్పి బతికినదాన్ని.

ప్రోగ్రామ్‌కు ఎర్ర సిరా పెట్టాను. ఇక్కడ ఏ సిరా పెట్టను?

22 జూన్, శనివారం

సుందరరావు గారు నిన్న సాయంత్రమే తణుకు వెళ్ళిపోయారు. తండ్రికి పక్షవాతం. ఎప్పుడొస్తారో తెలియదు. సమ్మక్క కార్డు ఆయనింకా చూడలేదు, మార్కు మార్చే స్లిప్పు మీద శారద సంతకం ఒక్కటే ఉంది.

రెండో సంతకం ఇంకెవరైనా పెడతారేమోనని శారద యూనివర్సిటీ పెద్దాఫీసుకు వెళ్ళింది. వాళ్ళు నా వాక్యం తీసి చూపించారు. ఇద్దరు, కళ్ళతో చూసి, సంతకం. పేర్లతో సహా టైపు. ఎంత బాగా రాశారమ్మా ఇది, ఎక్కడా సందు లేదు అన్నాడట అక్కడి క్లర్కు.

30 జూన్, ఆదివారం

ఆషాఢం. కొత్త పెళ్ళికూతురు ఈ నెల పుట్టింట్లో ఉండాలి కాబట్టి సమ్మక్క గోల్నాకకు వచ్చింది. రిక్షా కట్టించుకుని వెళ్ళాను.

సన్నటి పిల్ల. మెడలో తాడు ఇంకా పచ్చగా ఉంది. కుర్చీ లేక డబ్బా బోర్లించి, దాని మీద తుండు పరిచి నన్ను కూర్చోబెట్టింది. చెప్పాను. తొంభై నాలుగు అన్నాను. ఏడుస్తుందనుకుని చేతిరుమాలు తీసి పెట్టుకున్నాను, నాకే కావలసి వచ్చింది.

ఆ పిల్ల అడిగింది ఒకటే. నా అడిషనల్ షీట్లు ఊడిపోలేదా అవ్వా అని. పరీక్షలో ఎక్స్‌ట్రా తీసుకున్న కాగితాలను దారంతో కట్టింది తానే కదా, ముడి సరిగ్గ వెయ్యలేదేమో, కాయితాలు ఎక్కడనో పడిపోయినయేమో అని ఇరవై రోజులుగా అనుకుంటున్నదట. లగ్గంల గూడ అదే యాద్ చేసుకున్న అన్నది. ముడి గట్టిగానే ఉందమ్మా, నువ్వేం తప్పు చెయ్యలేదు అన్నాను. తప్పు నాది అని కూడా అన్నాను. అర్థమయిందో లేదో, మంచినీళ్ళు తెచ్చింది.

బిక్షపతి గుమ్మంలో నిలబడి విన్నాడు. కాలేజీల జులై పదిహేను దాక తీసుకుంటరట గదా అన్నాడు. అవునన్నాను. అచ్చు కాయితం ఇప్పియ్యమ్మా, అక్క కాళ్ళ మీద పెట్టి అడుగుత, అల్లుడు కాదనడు, మంచోడు. ఉత్త నోటిమాట పట్టుకొని ఏమని అడుగుత, లగ్గం చేసి పిల్లను వెనుకకు గుంజుకుంటున్నడంటది అన్నాడు.

మాట కరెక్టే. కాగితం కావాలి. పదిహేను రోజులుంది.

6 జులై, శనివారం

సుందరరావు గారికి ఉత్తరం రాశాం, స్లిప్పు జతచేసి. కార్డు చూడకుండా పెట్టలేనండీ, ఒకసారి అట్లా పెడితే ఆ రూలుకు అర్థమేముందండీ అని జవాబు. తిట్టడానికి కూర్చుని ఉత్తరం మళ్ళీ చదివాను. నేనైనా అదే రాసేదాన్ని.

10 జులై, బుధవారం

ఆడపిల్లల కాలేజీకి నేనే వెళ్ళాను. ప్రిన్సిపాలమ్మ నా సంగతంతా విని, మార్కుల మెమో లేకుండా ఎట్లా అండీ, రేపు ఇంకొకరు ఇట్లాగే వచ్చి చెప్తే ఏం చెయ్యాలి అన్నది. బళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నేనన్న మాటే.

15 జులై, సోమవారం

అడ్మిషన్లు అయిపోయాయి.

22 జులై, సోమవారం

సుందరరావు గారు తిరిగి వచ్చారు. గుండు. తండ్రి పోయారు. నెల రోజులుగా దాచిపెట్టుకున్న తిట్లు ఒక్కటీ బయటికి రాలేదు. ముందు ఆ పిల్ల కార్డే తీయించి, కిటికీ దగ్గర పట్టుకుని చిల్లులు ఒక్కొక్కటీ లెక్కబెట్టి, సంతకం పెట్టారట. తర్వాత బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదట.

శారద మూడోది కూడా సరిచేసింది. ఖాళీ గడి తగిలితే ఇప్పుడు మెషిన్ ఆగిపోతుంది, ఎవరి కార్డో అచ్చు వేస్తుంది. ఒకసారి నువ్వు కూడా చదివి చూడు అవ్వా అన్నది. ఇంకెవరిచేతనైనా చదివించమన్నాను. చదివించాను, పంచింగ్ అమ్మాయిలచేత, వాళ్ళు రెండు కొత్తవి పట్టారు అన్నది. ముందే అడగాల్సింది వాళ్ళను.

24 జులై, బుధవారం

సమ్మక్క ఒక్కతే బస్సెక్కి తార్నాక వచ్చింది. రేపటితో ఆషాఢం అయిపోతుంది, ఎల్లుండి ప్రయాణం. మెమో ఇంకా అచ్చు కాలేదు. వచ్చినంక నాకు పంపుతవా అవ్వా అన్నది. వచ్చే ఏడాది చేరతావా అన్నాను. అక్కడ తెలుగు కాలేజీ ఏడ ఉంటది, నాయిన అడిగిండు, అత్త వద్దన్నది, అయిపోయింది అన్నది. మరి కాగితమెందుకని అడిగాను. ఊర్కెనే, నా దగ్గర ఉండాలె అన్నది.

భోజనం చేసి వెళ్ళమంటే చేసింది. కంచం కడగబోతే శారద లాక్కుంది.

27 జులై, శనివారం

మెమో వచ్చింది. శారద ఆఫీసులో బిక్షపతికి ఇస్తే తీసుకోలేదట. ఇప్పుడు నేను పంపితె అక్క ఇంకోతీరు అనుకుంటదమ్మా, పిల్లను సతాయిస్తరు అన్నాడట. మళ్ళీ ట్రే ఎత్తుకున్నాడట.

29 జులై, సోమవారం

శారదా, నువ్వు ఈ పుస్తకం చదువుతావని నాకు తెలుసు. మెమో బీరువాలో రెండో అరలో, నా పట్టుచీర కింద ఉంది. మడవకు. కవరులో అట్ట పెట్టి రిజిస్టర్ పోస్టు చెయ్యి, అక్నాలెడ్జ్‌మెంట్ జతచెయ్యి. పేరు సమ్మక్క అని ముందు రాయి, మొగుడి పేరు తర్వాతి లైన్లో. సోలాపూర్ పోస్టుమ్యాన్‌కు తెలుగు రాకపోవచ్చు, ఇంగ్లీషులోనే రాయి. పదకొండు దాటితే తార్నాక పోస్టాఫీసులో లైను పెరుగుతుంది, ముందే వెళ్ళు. గొడుగు తీసుకెళ్ళు, నీ కోసం కాదు.