ఎండు పుట్టగొడుగుల పొట్లం

బావగారికి నమస్కారాలు.

డాక్టరు మీకు మాంసం తగ్గించమన్నారని అక్క రాసింది. అందుకే మా షెడ్‌లో గడ్డి సంచుల్లో పెంచిన పుట్టగొడుగులు ఎండబెట్టి పంపుతున్నాను. కొవ్వు దాదాపు ఉండదు. పీచు, మాంసకృత్తులు ఉంటాయి. నానబెట్టి, నీరంతా ఇగిరేదాకా వేయించి, ఉల్లిపాయ, మిరియాలు వేస్తే అచ్చం మాంసం నమిలినట్టే ఉంటుంది.

మీ బావమరిది

తా.క. కాసేపటికి బాగా ఉబ్బుతాయి. చూసి కంగారుపడకండి.

*

బావమరిదికి దీవెనలు.

కాగితం వెనక నువ్వు రాసిన తా.క. సూప్ తాగాక చదివాను. ఏవి ఉబ్బుతాయి? కాళ్ళా, చేతులా? పొద్దుట్నుంచీ కొట్లో కూర్చుని వేళ్ళు చూసుకుంటున్నాను. ఉంగరం ఊడిరావడం లేదు. ఒకావిడ చేతిగడియారం తెచ్చి "ఎప్పటికి బాగవుతుంది?" అంటే, "డాక్టరు చూస్తే గానీ చెప్పలేను" అన్నాను.

ఇంకా ఉన్న మీ బావ

తా.క. మీ అక్క కూడా తాగింది. ఆమెకేమీ కాలేదు. నాకు అదే అనుమానంగా ఉంది.

*

బావగారూ, కూర్చుని చదవండి.

ఉబ్బేవి పుట్టగొడుగులండీ, నీళ్ళలో వేస్తే! మావి విత్తనం తెచ్చి పెంచినవి, ఎక్కడపడితే అక్కడ ఏరినవి కావు. అయినా మీ ఉత్తరం చూశాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీకేమైనా అయితే అక్క ముఖం ఎలా చూడను? దుకాణాలకు సరుకు ఆపేసి షెడ్‌కు తాళం వేశాను.

మీ బావమరిది

తా.క. భయపడాల్సిందేమీ లేదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

*

బావమరిదికి, బహుశా కడసారి దీవెనలు.

తాళం వేశావా! అంటే నాకు చెప్పని సంగతేదో ఉందన్నమాట. డాక్టరు నాడి చూసి, నాలుక చూసి, "మీకేమీ లేదు" అని నవ్వాడు. ఆశ వదులుకున్నవాళ్ళతోనే కదా అంత మెత్తగా మాట్లాడతారు! గడియారంలో స్క్రూ బిగించబోయి, ఇంకెందుకులే అని పక్కన పెట్టేశాను. నా పనిముట్లన్నీ నీకే రాసేశాను. నీ మీద కోపం లేదు.

మీ బావ

తా.క. మీ అక్క జాలిపడి పది రోజులుగా దొంగచాటుగా మాంసం పెడుతోంది. ఏం రుచిరా! డాక్టరుకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

*

తమ్ముడూ, ముందు ఆ తాళం తియ్యి.

ఆరోజు మేం తాగింది బంగాళాదుంప సూప్. నీ పుట్టగొడుగులు అప్పటికింకా గిన్నెలో నానుతున్నాయి. ఆయన "పారెయ్" అని కేకలేస్తే సరేనన్నాను గానీ పారెయ్యలేదు. ముందు నేను తిని చూసి, మర్నాటి నుంచి సన్నగా తరిగి, నువ్వు రాసినట్టే వేయించి పెడుతున్నాను. మీ బావ మాంసమనుకుని గిన్నె తుడుచుకుని తింటున్నారు. నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి మూసేశాను.

పొట్లం అయిపోయింది. ఇంకోటి పంపు.

అక్క

తా.క. పొట్లం మీద నీ పేరు రాయకు. "గడియారాల సామాను" అని కూడా రాయకు, ఆయనే విప్పుతారు. "బట్టల సబ్బు" అని రాయి. చచ్చినా ముట్టుకోరు.