పొద్దున్నే రాసిన పేజీ

క్లెయిముల ఆఫీసరు గారికి నమస్కారాలతో రాస్తున్నాను.

మా కారు క్లెయిము కుదరదని మీరు పంపిన కాగితం అందింది. సొంత వాడకానికని పాలసీ తీసుకుని వ్యాపారానికి తిప్పామని రాశారు. తిప్పిన మాట నిజమే, దాచను. నేను ఇంట్లో కర్టెన్లు కుడతాను. మా ఆయన కారులో తీసుకెళ్లి బిగించి వచ్చేవారు. పన్ను తగ్గుతుందంటే కారు ఎక్కడెక్కడ తిరిగిందో రోజూ ఒక పుస్తకంలో రాసేదాన్ని. పాలసీ కూడా మార్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు లెండి.

ఇప్పుడు మీ సాక్ష్యం ఆ పుస్తకమే. ప్రమాదం జరిగిన రోజు పేజీలో "కర్టెన్ల డెలివరీ, ముప్పై కిలోమీటర్లు" అని ఉంది. రాసింది నేనే. మిషను ముందు కూర్చుంటే మర్చిపోతానని ఏ రోజుది ఆ రోజు పొద్దున్నే రాసేయడం నాకు అలవాటు.

ఆ మధ్యాహ్నం కర్టెన్లు కుట్టమన్నవాళ్లు ఫోన్ చేసి రేపు రమ్మన్నారు. మడతపెట్టినవి బల్ల మీదే ఉండిపోయాయి. "ఎలాగూ ఖాళీయే కదా, ఊరికే అలా తిరిగొద్దాం పద," అన్నారాయన. కారు కొన్న ఐదేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. మిషను మీద గుడ్డ కప్పి వెళ్లాను.

ఊరికే తిరగడానికే బయల్దేరామనడానికి ఆయనొక్కరే సాక్షి. మీరు నమ్మరని తెలుసు. మీ కుర్చీలో ఉంటే నేనూ నమ్మను, నా చేతిరాతే కదా.

క్లెయిము సంగతి వదిలేయండి. మీ ఫైల్లో మాత్రం ఆయన ఆఖరి రోజు కూడా పనికే వెళ్లారని ఉంది. ఆ ఒక్క ముక్క కొట్టేయండి.

ఇట్లు,
పాలసీదారు భార్య