పది తీగల గొంతు

ఫిబ్రవరి 9, ఆదివారం

కుట్లు తీసేసేరు. మెడ మీద సన్నటి గీత మిగిలింది. గొలుసు వేసుకుంటే కనబడదని అమ్మ అంటంది. గీత సంగతి ఎవరిక్కావాలి? నోరు తెరిస్తే గాలి వస్తంది, పంచరైన ట్యూబులోంచి వచ్చినట్టు. మాట లేదు.

ఆపరేషన్‌లో చూస్తే థైరాయిడ్ గడ్డకి గొంతు నరం అతుక్కుపోయి ఉందట. వాపు తగ్గేక చూద్దామన్నాడు విశాఖ డాక్టరు. పాట వస్తుందా అని కాగితం మీద రాసి చూపించేను. ముందు మాట రానియ్యమ్మా అన్నాడు.

పగలు బళ్లో ఇంగ్లీషు టీచర్ని. సాయంత్రం గిటారిస్టు తారక్ వాళ్ల బ్యాండులో సింగర్ని. రెండూ గొంతుతో చేసే పనులే. ఎవరితోనూ మాట్లాడలేను కాబట్టి ఇందులో రాసుకుంటన్నాను.

ఫిబ్రవరి 24

బడికి వెళ్లేను. బోర్డు మీద రాస్తూ పాఠం లాగించెయ్యొచ్చు అనుకున్నాను. మొదటి పీరియడ్ పిల్లలు జాలిపడ్డారు. రెండో పీరియడ్‌కి జాలి అయిపోయింది. డస్టర్‌తో నేను బల్ల కొడితే వాళ్లూ బల్లలు కొట్టేరు.

ప్రిన్సిపాల్ మేడం పిలిచి, గొంతు బాగయ్యేక రా ధనశ్రీ, నీ సీటు ఎక్కడికీ పోదు అన్నారు. బ్యాగు తీసుకుందామని స్టాఫ్ రూముకి వెళ్తే నా కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుని పేపర్లు దిద్దుతోంది.

మార్చి 12

నరం తెగిపోయింది. తిరిగి రాదు. డాక్టరు ఇంగ్లీషులో చెప్పేడు. తెలుగులో చెప్పమన్నట్టు అమ్మ నా మొహంలోకి చూసింది. ఏటని చెప్పను? ఏటితో చెప్పను?

మార్చి 16, ఆదివారం

తారక్ పోస్ట్ చేసిన వీడియో చూసేను. బెల్లం మార్కెట్ వెనక వాళ్ల నాన్న ఖాళీగా వదిలేసిన గోడౌను. మా రిహార్సల్స్ అక్కడే. నా మైకు ముందు ఎవరో అమ్మాయి. పేరు సుప్రియట, బీటెక్ ఫైనలియర్, ఊరు రాంబిల్లి. నా పాటే పాడతంది. నేను రాసింది "ఆకరి బస్సెల్లిపోనాది". ఆ పిల్ల "ఆఖరి బస్సు వెళ్ళిపోయింది" అని పాడింది, వార్తలు చదివినట్టు. గొంతు మాత్రం బావుంది. చాలా బావుంది. అదే తట్టుకోలేకపోయేను.

జూన్‌లో విశాఖ బీచ్ రోడ్డులో సొంత పాటలు కట్టుకునే ఇండీ బ్యాండ్లకి షో. ఆ స్లాట్ కోసం తారక్, నేను ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డామో. ఇప్పుడొచ్చింది. నేను లేను.

నీకు చెప్దామనే అనుకున్నాను, ఎలా చెప్పాలో తెలీలేదు అని తారక్ మెసేజ్ పెట్టేడు. పరవాలేదన్నట్టు బొటనవేలి బొమ్మ పంపేను. తర్వాత ఫోన్ గోడకేసి కొట్టేను. అద్దం బీటలేసింది గానీ పనిచేస్తంది.

మార్చి 29, కొత్త అమావాస్య

రేపు ఉగాది. ఇవాళ నూకాలమ్మ జాతర. నా గొంతు కోసం అమ్మ మొక్కుకుంది. గవరపాలెం సందులన్నీ జనం. కొబ్బరికాయలు ఏరి కొందామని అమ్మ రోడ్డు పక్కన వంగింది. వెనక ఆటో రివర్స్ వస్తంది. డ్రైవరు ఇంకోవైపు చూస్తన్నాడు. నాకంతా కనబడతంది. అమ్మా అని అరిచేను.

అరవలేదు. గాలి.

పరిగెత్తేను. జనం అడ్డం. నేను వెళ్లేసరికి చక్రం పాదం మీదికి ఎక్కేసింది. అమ్మ అరుపు సందు చివరిదాకా వినపడింది.

ఏప్రిల్ 3

కుడికాలికి మోకాలి దాకా కట్టు. అమ్మ బట్టలు కుట్టే మిషన్ మూలకి తోసేసేను. నాకు బడి లేదు, అమ్మకి మిషన్ లేదు. ఇద్దరం ఇంట్లో.

తను ముందుగదిలో, నేను వంటింట్లో. మంచినీళ్లు కావాలని పిలుస్తుంది. వస్తన్నానని చెప్పలేను. విన్నానో లేదో ఆవిడకి తెలీదు. మళ్లీ పిలుస్తుంది, ఇంకా గట్టిగా. ఓసే ధనా, ఉన్నావా సచ్చేవా, పలకవేటే అంటుంది. తర్వాత నోరు జారినందుకు తనే ఏడుస్తుంది. పళ్లెం మీద గరిటతో కొడితే ఆ మోతకి తల పగిలిపోతందంటుంది.

ఆటో గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అరవలేకపోయేవేటే అని ఒక్కసారి తిట్టినా బావుణ్ను.

ఏప్రిల్ 6

గోడౌనుకి వెళ్లేను, నా మైకూ స్టాండూ తెచ్చేసుకుందామని. ఇక బ్యాండులో నేను లేనని కాగితం మీద రాసి పట్టుకెళ్లేను.

తారక్ ఒక్కడే ఉన్నాడు. చదివి తల దించుకున్నాడు. స్టాండు మడుస్తంటే మూల గోనెపట్టా కింద తారక్ పెడల్ స్టీల్ గిటారు కాలికి తగిలింది.

బయట దేశాల ఇండీ బ్యాండ్లలో దీని సౌండు విని తారక్‌కి పిచ్చెక్కింది. బెంగుళూరులో ఎవరో అమ్మేస్తుంటే పోయి తెచ్చుకున్నాడు. గిటారంటారు గానీ చూడ్డానికి కాళ్లున్న బల్ల. పైన పది తీగలు. ఎడం చేత్తో బరువైన స్టీలు కడ్డీని తీగల మీద జరపాలి, కుడిచేతి వేళ్లకి తొడుగులేసుకుని మీటాలి. ఎడం పాదం కింద మూడు పెడల్స్, మోకాళ్లకి అటూ ఇటూ మీటలు. ఒక్కోటి నొక్కితే ఒక్కో తీగ బిగుస్తుంది, లేకపోతే వదులవుతుంది. కుడిపాదం కింద వాల్యూమ్. కొన్నాళ్లు తన్నుకుని, తన చేతులూ కాళ్లూ ఒకదాని మాట ఒకటి వినటం లేదని వదిలేసేడు.

ఊరికే ఆంప్లిఫయర్‌కి తగిలించి ఒక తీగ మీటేను. కడ్డీ జరిపేను. శబ్దం పైకి వెళ్లింది. మెట్లెక్కినట్టు కాదు. గొంతు వెళ్లినట్టు.

ఒళ్లంతా చెమట. తీసుకుపోతానని సైగ చేసేను. తీసుకుపో, చీమలు పట్టేసేయి దానికి అన్నాడు. దాన్నీ ఆంప్లిఫయర్‌నీ ఆటోలో వేసి తెచ్చేను. మైకు అక్కడే మర్చిపోయేను.

ఏప్రిల్ 13

నిజంగానే చీమలు. బెల్లం గోడౌను కదా, అడుగున కడ్డీల మధ్య కాపురం పెట్టేయి. బ్రష్షుతో దులుపుతూనే ఉన్నాను.

చున్నీ పెడల్ ఊచలో చిక్కి చిరిగింది. ఇప్పుడు నైట్ ప్యాంటు వేసుకుని కూర్చుంటన్నాను. ఆడపిల్ల మోకాళ్లలాగ ఎడంగా ఎట్టుకుని కూకుంటాదేటే, ఎవులైనా సూత్తే ఏటనుకుంటారు అని అమ్మ గొడవ.

కడ్డీ వెంట్రుకవాసి అటైనా శ్రుతి పోతుంది. నాకు తెలిసిపోతంది. చెవి బాగానే ఉంది. ఏటి పోయిందో వినడానికి దేవుడు చెవులు ఉంచేడు.

ఏప్రిల్ 20

సాధన చేస్తంటే అమ్మ ధనా అని పిలిచింది. చేతిలో కడ్డీ ఉంది. ఆలోచించకుండా రెండు స్వరాలు సాగదీసేను. ఆఁ, వస్తన్నా, అన్నట్టు.

మళ్లీ పిలిచింది. మళ్లీ పలికేను. మూడోసారి పిలిచినప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది. వెళ్లి చూస్తే దిండులో మొహం పెట్టుకుని ఉంది. ఏటీ వద్దే, ఊరికే పిలిసేను అంది.

ఏప్రిల్ 27

మా డ్రమ్మర్ నితీష్ అమ్మని చూడ్డానికి బత్తాయిలు పట్టుకొచ్చేడు. స్టీల్ చూసి వాయించమన్నాడు. వాయించేను. తొక్క తీసిన బత్తాయి వాడి చేతిలో అలాగే ఉండిపోయింది. మెట్లు దిగుతూనే తారక్‌కి ఫోన్ చేసేడు. బావా, నువ్వు అర్జెంటుగా ఇది వినాలి అన్నాడు.

మే 4, ఆదివారం

గోడౌనులో నలుగురం. నమస్తే అక్కా అని సుప్రియ లేచి నిలబడింది. మొదటిది నా బస్సు పాట. సుప్రియ పాడే ప్రతి లైనూ స్టీల్ మీద తనతో పాటు లాగేను. నా మాట మార్చిన చోటల్లా ఇంకా గట్టిగా. తారక్ గిటారు డిస్టార్షన్ గరగరని కూడా మింగేసేలా లాగేను.

నితీష్ ఆపేసేడు. నేను పాడాలా వద్దా చెప్పండక్కా అంది సుప్రియ. కళ్లనిండా నీళ్లు. బదులు చెప్పడానికి నాకు గొంతు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

తారక్ చాలా మెల్లగా అన్నాడు, ఇది పాటకి తోడుగా లేదు ధనా, పాట మీద పగబట్టినట్టుంది అని.

మే 5

ఏమీ ముట్టుకోలేదు.

మే 11, మధ్యాహ్నం

ఫోన్‌లో నా పాత రిహార్సల్ రికార్డింగులు ఒక్కొక్కటే విన్నాను. ఎవరిదా గొంతు? పాట మధ్యలో దగ్గుతుంది, నితీష్‌ని తిడుతుంది, టీ తెమ్మంటుంది, మళ్లీ పైస్థాయిలో అందుకుంటుంది. ఎంత ఖర్చు పెట్టేసేదో ఆ గొంతుని, లెక్కాపత్రం లేకుండా. ఈ మనిషి చచ్చిపోయింది, నేనేమో దాని బట్టలేసుకుని తిరుగుతన్నాను అనిపించింది.

అన్నీ డిలీట్ చేసేసేను. ఒక్కటీ ఉంచలేదు. ఇంకెవరి దగ్గరా కాపీ లేదు.

బోరుమందామంటే ఏడుపుకి కూడా చప్పుడు లేదు. స్టీల్ వచ్చి పట్టుకుపొమ్మని తారక్‌కి మెసేజ్ పెట్టేను.

మే 18, ఆదివారం

తారక్ రాలేదు. నితీష్ వచ్చి స్టీల్‌తో పాటు నన్నూ ఆటో ఎక్కించేడు. సుప్రియకి పరీక్షలట, ఇవాళ రాదు, ముగ్గురమే, పాటల్లేకుండా ఊరికే వాయిద్దాం అన్నాడు. పక్కింటి కుమారత్త అమ్మ దగ్గర కూర్చుంది.

నితీష్ నెమ్మదిగా బీటు మొదలెట్టేడు. తారక్ రెండే కార్డ్స్, బరువుగా, రంపం కోసినట్టు. నాకు ఎక్కడ దూరాలో తెలీలేదు. ఎవరి లైనూ లేదు పట్టుకుని వేలాడ్డానికి. వాల్యూమ్ పెడల్ పూర్తిగా మూసి ఒక తీగ మీటేను. మీటిన చప్పుడు వినపడలేదు. అప్పుడు పాదంతో కొద్దికొద్దిగా తెరిచేను. ఊపిరి తీసుకుని పాట ఎత్తుకుంటాం చూడు, అలాగ.

తర్వాత ఎడం పాదం నొక్కేను. ఒక తీగ కదలకుండా నిలబడింది. పక్క తీగ దాని దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. నాకు గొంతున్న రోజుల్లో ఇది నా వల్ల అయ్యేది కాదు. ఒక్క మనిషి రెండు గొంతులతో, ఒకటి ఉండిపోతూ, ఒకటి వస్తూ.

తారక్ గిటారు తగ్గించలేదు. తగ్గించాల్సిన అవసరం లేకపోయింది. ఆ గరుకు మీద నా స్వరం ఎక్కడా మునగలేదు. ఎంతసేపు వాయించేమో తెలీదు. ఆగేసరికి బయట బెల్లం దిమ్మల లారీ లోడవుతంది, ఆ చప్పుడొకటే.

ఇది మూడో పాట అన్నాడు తారక్. షోలో.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. కడుపునిండా.

మే 25

సుప్రియ పాడినంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. తను ఊపిరి తీసుకునే చోట మాత్రం ఒక్క స్వరం. తను నన్ను చూసి, మళ్లీ చూసి, రెండో చరణం దగ్గర నవ్వింది.

తర్వాత దగ్గరికొచ్చి కూర్చుంది. అక్కా, మా ఇంట్లో కూడా ఎల్లిపోనాది అనే అంటారు, కాలేజీలో నవ్వుతారని మార్చేను, నువ్వెలా పాడేదానివో వినిపించవా అంది. వినిపించడానికి ఏమీ లేదని ఫోన్ చూపించేను. తనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడ్చింది నేను కాదు, తను.

అప్పుడు కాగితం మీద ఒక్కో మాటా విరిచి రాసి, స్టీల్ మీద ఎక్కడ లాగాలో పలికించి చూపించేను. పట్టేసింది. నాకన్నా బాగా పాడింది. ఇది రాయడానికి చాలాసేపు పట్టింది.

జూన్ 7, శనివారం

బీచ్ రోడ్డు. సముద్రం గాలికి తీగలు నిలకడగా లేవు, ప్రతి పాటకీ శ్రుతి చేసుకోవాల్సొచ్చింది. ఇది ఇస్త్రీ బల్లా మేడం అని సౌండతను అడిగేడు. అమ్మ చేతికర్ర పట్టుకుని కుర్చీలో, సుప్రియ వాళ్లమ్మ పక్కన. నా కాళ్ల కింద పెడల్ కటకటలాడింది. స్టేజి దిగి పారిపోదామనుకున్నాను. నిజంగా లేచేను కూడా. తారక్ చూసి, నేను కూర్చునే దాకా మొదలెట్టలేదు.

మొదటి పాట ఎలా వాయించేనో గుర్తులేదు. రెండోదానికి జనం ఊగేరు. మూడోదానికి సుప్రియ పక్కకి తప్పుకుని కింద కూర్చుంది. మైకు ముందు ఎవరూ లేరు. ఎవరొస్తారా అని జనం ఎదురుచూసేరు. నేను పాదంతో వాల్యూమ్ తెరిచేను.

మొదట్లో ఒక స్వరం తప్పేను. తర్వాత తప్పలేదు. ముందు వరసలో ఒకమ్మాయి పెదాలు కదుపుతోంది. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోందేమో అనుకున్నాను.

అమ్మ చప్పట్లు కొట్టలేదు, చేతిలో కర్ర ఉంది. కర్రతో నేలని కొట్టింది.

జూన్ 10

ముందు వరసలో అమ్మాయి బ్యాండు పేజీకి మెసేజ్ పెట్టింది. మూడో పాట లిరిక్స్ పంపమంది. ఆ పాటకి మాటల్లేవని జవాబిచ్చేను.

అబద్ధం చెప్పకండి, ఇంటికెళ్లేదాకా అవే పాడుకున్నాను అంది.