కారుకు ఒక బోల్టు తక్కువ

ఎల్లారెడ్డి
సోమవారం

చిరంజీవి సింధూజకు, నీ బాపు గంగారాం కడుపునిండ దీవించి రాసేది. ఇక్కడ నేను, నీ కారు ఇద్దరం క్షేమం. కామారెడ్డిల నువ్వు, నీ రక్తపరీక్షల ల్యాబు క్షేమమని నమ్ముతున్న.

బిడ్డా, నిన్న నువ్వు కారును మన దుకాణం ముందట విడిచిపెట్టి బస్సెక్కినప్పటి నుంచి నా సంతోషానికి హద్దు లేదు. "ముందటి బ్రేకు ప్యాడ్లు అరిగినయి బాపూ, కీసుమంటున్నయి, ఇట్ల నడిపితే ప్రమాదం, ఎవరన్న మెకానిక్‌ను పిలుస్త" అన్నవు. మెకానిక్ ఎందుకు? కారు ఇంటి ముందట ఉన్నది, నేను ఇంట్ల ఉన్న. ఎల్లారెడ్డిల నలభై ఏండ్లు సైకిల్ ట్యాక్సీ దుకాణం నడిపిన మనిషిని. నా దగ్గర సైకిల్ కిరాయికి తీసుకున్నోడు బ్రేకు పడక కింద పడ్డడన్న మాట లేదు. ఒక్కడు పడ్డడు. వాడు సైకిల్ ఎక్కక ముందే పడుతుండె.

పక్క పంక్చర్ దుకాణం యాకూబును అడిగి అన్నీ తెలుసుకున్న. సైకిల్‌కు బ్రేకు రబ్బర్లు నాలుగు. నీ కారు ముందటి చక్రాలకు ప్యాడ్లు గూడ నాలుగేనట. ఇంక భయమేంది? సైకిలయితే తలకిందులు నిలబెట్టి చేస్తుంటి. కారుకు ఆ సౌకర్యం ఒక్కటే లేదు.

ప్యాడ్లు కొని మన బస్సు కండక్టర్ శైలేందర్ చేతికియ్యి. ఉత్తరం గూడ వానికే ఇయ్యి. ఫోను మాత్రం చేయకు. ఎదురుంగ గట్టిగ అంటే తప్ప నా చెవులకు ఏదీ అందుతలేదు. నువ్వు గట్టిగ అరిస్తే మీ ఇంటి ఓనరు మహేశ్వరి మనం కొట్లాడుకుంటున్నమని అనుకుంటది.

ఇట్లు
పట్టరాని సంతోషంతో
నీ బాపు

తా.క.: కారును చూసి బజారుల నలుగురు "ఎవరొచ్చిండ్రు గంగారాం" అని అడిగిండ్రు. నా బిడ్డ వచ్చింది అన్న. పోయిందా అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.


కామారెడ్డి
బుధవారం

బాపుకు సింధూజ నమస్కారాలు.

నీ ఉత్తరం ముట్టింది. శైలేందరన్న బస్టాండ్‌ల నా చేతికిస్తూ, "మీ బాపు కారు మొత్తం ఇప్పుతడట గదా" అన్నడు. నువ్వు కవరు అతికించలేదు బాపూ. ఈసారి అతికించు.

ప్యాడ్లు పంపుతున్న. తొందరపడకు. ముందుగ హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టు. చక్రం నట్లను అది నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తు. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి లోపల పెట్టకు. యాకూబు చాచా దగ్గర ఇనుప స్టాండు ఉంటది, అది కింద పెట్టు. చక్రం తీస్తే ఒక ఇనుప పళ్ళెం కనబడతది. దానికి అటొకటి ఇటొకటి ప్యాడ్లు ఉంటయి. వాటిని నొక్కి పట్టేది క్యాలిపర్. దానికి రెండు బోల్టులు. అవి ఇప్పినంక క్యాలిపర్‌ను బ్రేకు ఆయిలు పైపు మీద వేలాడనీయకు, తీగతోని కట్టెయ్యి. ఒక వైపు పూర్తయినంకనే రెండో వైపు ముట్టు. ఏదన్న మర్చిపోతే చూసుకోవడానికి ఇంకోటి ఉంటది.

కారు నీ దగ్గరే ఉన్నది గనుక శనివారం డ్యూటీ అయినంక ఆఖరి బస్సుకు వస్త. రాత్రి ఉండి ఆదివారం సాయంత్రం పోత. నీకు ఇబ్బంది లేదు గదా?

ఇట్లు
నీ బిడ్డ సింధూజ

తా.క.: కారుల వచ్చిన ప్రతి ఆదివారం, తిన్న చెయ్యి ఆరకముందే "బయల్దేరు బిడ్డా, చీకటైతది" అంటవు. ఈసారి కుదరదు. బస్సు నీ మాట వినదు.


ఎల్లారెడ్డి
శుక్రవారం

చిరంజీవి సింధూజకు బాపు దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. కారు గూడ క్షేమమే, ఒక చక్రం లేదు గని.

శుభవార్త. కుడి చక్రం పని అయిపోయింది. పాత ప్యాడ్లు తీసి చూస్తే బిస్కెట్ మందం గూడ లేవు. ఒక ప్యాడుకు చిన్న ఇనుప నాలుక ఉన్నది. ప్యాడు అరిగి అడుగుకు వస్తే ఆ నాలుక పళ్ళానికి తగిలి అరుస్తదట, నా పని అయిపోయింది, ఎవరన్న చూడుండ్రి అని. ఎంత తెలివి చూడు బిడ్డా. మనుషులకు దేవుడు అసువంటిది పెట్టలేదు. పెట్టి ఉంటే మన బజారుల రాత్రి ఒక్కరు పండుకుందురా?

క్యాలిపర్‌ను సైకిల్ స్పోకు వంచి కట్టేసిన. కొత్త ప్యాడ్లు మందం గనుక సందుల పట్టలేదు. యాకూబు క్లాంపు తెచ్చి, పాత ప్యాడు అడ్డం పెట్టి, ప్యాడును నొక్కే లోపలి గుండును మెల్లగ వెనుకకు నూకిండు. వాని చేతులు మంచియే, తొందర ఎక్కువ.

ఎడమ చక్రం గూడ తీసి, క్యాలిపర్ బోల్టులు రెండూ ఇప్పి చాయ్‌పత్త డబ్బా మూతల పెట్టిన. అక్కడ ఆపిన. యాకూబు "ఇంకో గంట పని, అయిపోగొడదాం" అన్నడు. వద్దన్న. ఇయ్యాల శుక్రవారం, వాడు నమాజుకు పోవాలె. రేపు శనివారం, ఇనుము ముట్టొద్దు. ఆదివారం నువ్వుంటవు. సోమవారం సగంల ఆగితే, మంగళవారం పని మొదలువెట్టొద్దు. బ్రేకుల పని, ఆగమాగం చేస్తే అయితదా?

ఇబ్బంది అని రాసినవు. ఏం ఇబ్బంది? మంచం ఉన్నది.

ఇట్లు
నీ బాపు

తా.క.: మంచానికి కొత్త నవారు అల్లించిన. పాతది బాగనే ఉండె.


ఎల్లారెడ్డి
సోమవారం

చిరంజీవి సింధూజకు బాపు దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. కారుకు ఒక బోల్టు తక్కువ.

శనివారం రాత్రి నువ్వు వండిన పుంటికూర పప్పు ఇంకా నాలుక మీదనే ఉన్నది. ఆ సంతోషంల ఉన్న నాకు ఈ కష్టం వచ్చింది. నిన్న నిన్ను బస్సెక్కించి ఇంటికొచ్చి చూస్తే చాయ్‌పత్త మూతల ఒక్కటే బోల్టు ఉన్నది. ఇల్లంత ఊడ్చిన. మంచం తిరగేసిన. డబ్బాల చాయ్‌పత్త గూడ జల్లెడ పట్టిన.

నా అనుమానం యాకూబు మేక మీద. అది ఇంతకు ముందు సైకిల్ వాల్వు ట్యూబు తిన్నది, సాక్షులున్నరు. పొద్దటి నుంచి దాని వెనకాలనే తిరుగుతున్న. యాకూబుకు కోపమొచ్చి "మేక బోల్టు తింటదారా" అన్నడు. "మరెవరు తీసిండ్రు, నా బిడ్డ తీసిందా" అని నేను గూడ గట్టిగనే అన్న.

కాబట్టి ఈ శనివారం గూడ నీకు బస్సే గతి. చాల బాధగ ఉన్నది.

ఇట్లు
దుఃఖంతో
నీ బాపు

తా.క.: సాయంత్రం దాక కనిపెట్టుకొని ఉన్న. మేక నుంచి బోల్టు పడలేదు. పడవలసినయే పడ్డయి.


కామారెడ్డి
బుధవారం

బాపుకు సింధూజ నమస్కారాలు.

మేకను ఏమనకు. నోరులేని జీవి. బోల్టు ఎక్కడో ఉంటది, దాని టైము వచ్చినప్పుడు దొరుకుతది. ఇక్కడి దుకాణాలల్ల అడిగిన, ఆ సైజు లేదన్నరు.

మహేశ్వరక్క తమ్ముడు వంశీ మెకానిక్. రేపు ఎల్లారెడ్డికి వస్తున్నడట, "బోల్టు నేనే తెచ్చి గంటల బిగించి పోత" అన్నడు. పాపం ఆయనకెందుకు శ్రమ అని, మా ఇంట్ల కుక్క ఉన్నది, కరుస్తది అని చెప్పిన.

ఇక్కడ అంత బాగనే ఉన్నది. తెల్లారకముందే ల్యాబ్‌కు పోత. రోజంత మనుషులు వచ్చి చేతులు చాపుతరు, రక్తమిచ్చి పోతరు. నేను నరం చూస్త, వాళ్ళు గోడ చూస్తరు. ఒకరి ముఖం ఒకరికి గుర్తుండదు. గదికొచ్చి కుక్కర్‌ల పిడికెడు బియ్యం పోస్త. ఆ పిడికెటికి అది ఈల గూడ సరిగ వేయదు.

శనివారం ఆఖరి బస్సుకు వస్త.

ఇట్లు
నీ బిడ్డ సింధూజ

తా.క.: మనకు కుక్క లేదని నాకు తెలుసు.


ఎల్లారెడ్డి
సోమవారం

చిరంజీవి సింధూజకు బాపు దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. యాకూబు సంగతి తెలవదు, మాకు మాటల్లేవు.

జరిగింది చెప్త విను. నిన్న నువ్వు బస్సెక్కంగనే వాడు గాంధారి ఊరి దుకాణం నుంచి తెప్పిచ్చిన అని ఒక బోల్టు పట్టుకొచ్చిండు. పొడుగున్నది అన్న. పొద్దున ఇంకోటి తెచ్చిండు. పొట్టిగున్నది అన్న. పగటీలి మూడోది తెచ్చిండు. పెట్టి చూస్తే సక్కగ కూసున్నది. రంగు కలవలేదు అన్న.

వాడు పాన కింద పడేసి, "బోల్టు లోపలుంటది, దాని రంగు ఎవడు చూస్తడు? గంగారాం, నీకు ఈ కారు బాగుచేసే ఇరాదానే లేదు, మనసే లేదు" అన్నడు. నలుగురి ముందట అన్నడు. నేను ఊకుంటనా? "నీ మేక మింగిన బోల్టే కడిగి తెచ్చినవా" అన్న. వాడు మేకను ఇప్పుకొని పోయిండు. ఇప్పుడు వాని దుకాణంల కుర్చీ అటు తిప్పుకొని కూసుంటున్నడు. వాని వీపు తప్ప నాకేం కనబడతలేదు.

ఇన్నేండ్లు ఇద్దరం ఒక చాయ్‌ను రెండు చేసి తాగెటోళ్ళం. ఇయ్యాల హోటలాయన అలవాటుగ రెండు గ్లాసులల్ల పోసిచ్చిండు. ఒకటి తాగి, రెండోది గూడ నేనే తాగిన. చల్లగైపోయింది.

ఇట్లు
నీ బాపు

తా.క.: నీకు చెప్పుడు మరిచిన. గురువారం వంశీ వచ్చిండు. నీ మాట నిలవాలె గదా అని గుంజకు యాకూబు మేకను కట్టేసి ఉంచిన. "కుక్క ఉందన్నరు, ఏది" అన్నడు. ఇదే అన్న. చెవిటోనితోని ఎవరు వాదిస్తరు? పోయిండు.


కామారెడ్డి
బుధవారం

బాపుకు సింధూజ నమస్కారాలు.

నీ ఉత్తరం ల్యాబ్‌ల కూసుండి చదివిన. ముందు నువ్వు పోయి యాకూబు చాచాతోని మాట్లాడు. మేక తప్పు లేదు. బోల్టు నా దగ్గర ఉన్నది.

నేను బస్సుల వచ్చి ఉన్న ఆ మొదటి ఆదివారం మధ్యాహ్నం నువ్వు గోడకు ఒరిగి కునుకు తీస్తుంటే, మూతలకెల్లి తీసి పర్సుల వేసుకున్న. అప్పటి నుంచి ఇక్కడ నా డ్రాయర్‌ల, దూది కింద ఉన్నది. కామారెడ్డి దుకాణాలల్ల నేను అడగనే లేదు.

కారు బాగైతే మళ్ళ ఆదివారం వచ్చి, తిని, నువ్వు "బయల్దేరు" అనంగనే పోవాలె. నీకు చీకటంటే భయమా, నేనుంటే ఇబ్బందా అని అడుగుదామంటే నోరు రాలేదు. నీ దగ్గరికి జల్ది రావచ్చని కారు కొన్న. జల్ది పోవుడే ఎక్కువైంది. ఆ నవారు మంచం మీద, పక్కన నువ్వు గురక పెడుతుంటే, ఎన్ని రోజులకో కమ్మగ నిద్రపట్టింది.

బోల్టు ఈ కవర్లనే పెడుతున్న. నా కోసం నువ్వు నీ దోస్తును పోగొట్టుకోవద్దు. కారు బాగు చేయించు. ఆదివారం వచ్చి తీసుకపోత.

ఇట్లు
నీ బిడ్డ సింధూజ

తా.క.: ఇది బస్టాండ్‌ల నిలబడి రాస్తున్న. శైలేందరన్న కవరు చేతిల ఎత్తి చూసి, "ఈసారి ఉత్తరం బరువున్నదేంది" అన్నడు. ఉన్నది అన్న.


ఎల్లారెడ్డి
శుక్రవారం

చిరంజీవి సింధూజకు బాపు దీవించి, మళ్ళ దీవించి రాసేది. ఇక్కడ నేను, యాకూబు, మేక, కారు నలుగురం క్షేమం.

బిడ్డా, బోల్టు ముట్టింది. గని ఆ ఆదివారం నేను కునుకు తీయలేదు. నేను మెలకువతోని ఉంటే నువ్వు ఏదో ఒక పని పెట్టుకొని తిరుగుతవు. పండుకున్న అనుకుంటే పక్కన కూసుంటవు. అందుకని కండ్లు మూసి, సన్నగ సందు ఉంచుకొని నిన్ను చూస్తున్న. నువ్వు మూత దగ్గరికి పోవుడు, బోల్టు తీసుడు, కొంగుతోని తుడిచి పర్సుల వేసుడు అన్నీ చూసిన. చెవులు పోయినయి గని నా కండ్లు బాగున్నయి.

ఆ సంతోషం ఎట్ల రాయాలెనో నాకు రాదు. చదివింది ఏడో తరగతి. నిన్ను బస్సెక్కించి వచ్చి దుకాణంల ఒక్కన్నే కూసుండి నవ్విన. "బయల్దేరు" అని నేను అనేది, పిల్లకు సవాలక్ష పనులుంటయి, ముసలోని దగ్గర ఎంతసేపని కూసుంటది అని. నువ్వేమో తరుముతున్న అనుకున్నవు. ఇన్ని ఆదివారాలు ఒకరినొకరం మర్యాదగ ఎల్లగొట్టుకున్నం.

ఇంక యాకూబు సంగతి. వానికి ఇదంత తెలవకపోయె. వాడు బోల్టు మీద బోల్టు తెస్తుంటే నేనేం చేయాలె? గాంధారి నుంచి తెచ్చిన మొదటిదే సరిపోయింది బిడ్డా. అది పొడుగు గాదు. కొట్లాట పెట్టుకోకుంటే ఆ పూటనే బిగించేటోడు. నిన్న నీ ఉత్తరం తీసుకపోయి వాని ముందట కూసుండి చదివిన. వాడు కుర్చీ ఇటు తిప్పిండు. తర్వాత ముక్కు తుడుచుకొని, "ముందే చెప్తే రెండో బోల్టు నేనే దాస్తుంటి గదరా" అన్నడు. మేకకు గూడ ఒక కట్ట కొత్తిమీర కొనిచ్చి మాఫీ అడిగిన.

సాయంత్రం ఇద్దరం కలిసి బిగించినం. అంత అయినంక నేను లోపల కూసుండి బ్రేకు తొక్కిన. పెడలు సర్రున పోయి అడుక్కు తగిలింది. పట్టు లేదు. ఇన్ని రోజులు నాటకమాడి నిజంగనే చెడగొట్టిన అనుకున్న. యాకూబు కిటికీల తలపెట్టి, "చెడలేదు, ప్యాడుకు పళ్ళానికి నడుమ సందున్నది. బండి కదిలించకు. ఊకె తొక్కు, దగ్గరికొస్తది" అన్నడు. తొక్కిన. మళ్ళ తొక్కిన. తొక్కంగ తొక్కంగ కాలు కింద రాయి లెక్క గట్టివడ్డది.

కారు తయారున్నది. అయితే చీకట్ల నడపొద్దన్న నా మాట అట్లనే ఉన్నది. నీకు శనివారం డ్యూటీ అయ్యేసరికి చీకటే గదా. అందుకని కారును ఇక్కడనే ఉండనియ్యి, దానికి గూడ అలవాటైంది. నువ్వు ఆఖరి బస్సుకు రా. పుంటికూర తెంపి పెడత.

ఇట్లు
ఒళ్ళంత సంతోషంతో
నీ బాపు

తా.క.: వెనక చక్రాల బ్రేకులు గూడ ఒకసారి ఇప్పి చూడాలె అనుకుంటున్న. యాకూబు కిందికి వంగి చూసి, "అవి కొత్తవాటి లెక్కనే ఉన్నయి గదా" అని నోరు జారిండు. పొద్దటి నుంచి వానితోని మళ్ళ మాటల్లేవు.